తలుపు కుడిపక్కన

ఆషాఢ శుద్ధ విదియ

ఈ బల్ల దగ్గర రోజూ రెండు రాయాలి. ఒకటి సముద్రపు కట్ట మీది ఐదు గేట్ల దగ్గర నీటిమట్టాలు. అవి పై ఆఫీసుకి వెళ్తాయి. రెండోది ఇది, "ఇతర విశేషాలు". దీన్ని ఎవరూ చదవరని నాతో పనిచేసే కుర్రాడు తాతాజీ నమ్మకం. చదివేవాళ్ళయితే అతని గురించి నేను రాసినవాటికి అతన్ని ఎప్పుడో బదిలీ చేసి ఉండాలి, కాబట్టి నాకూ అదే నమ్మకం. బల్ల మీద పకోడీలు తిని నూనె వేళ్ళతో మీటలు నొక్కకూడదని నేను ఇక్కడ ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు.

ఇవాళ్టి విశేషం: వరహాలు బాబాయ్ పనిలోకి వచ్చారు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఇదే మొదటిసారి. కాలు కొంచెం ఈడుస్తున్నారు. మాట బాగానే ఉంది. ఎడమచెయ్యి మాత్రం మోచేతి కింద నుంచి ఆయన చెప్పినట్టు వినడం లేదు. కుమారి పిన్ని ఆయన్ని మెట్ల దాకా తీసుకొచ్చి, "నీకు అప్పజెప్పేనమ్మా సుభా. పైకి ఏటీ అనరు గానీ, లోపల బెంగెట్టేసుకున్నారు" అని చెప్పి వెళ్ళింది.

బాబాయ్ కుర్చీలో సర్దుకుని, తెర వంక చూసి అన్న మొదటి మాట: "ఇదేటమ్మాయ్, నేను లేని టైములో దీనికి పెళ్ళి చేసేసేరా?"

తెర సంగతి చెప్పాలి. కట్ట పొడవునా ఉన్నది పాత తీగ. అందులోంచి అక్షరాలు వెళ్తాయి గానీ బొమ్మలు వెళ్ళవు. వేలితో తాకే తెరలు మా అమ్మ రోజుల్లో ఉండేవట. సముద్రం ఊళ్ళ మీదకి వచ్చి ఈ కట్ట కట్టాక, ఇక్కడి ఉప్పుగాలికి అవి ఒక్క వర్షాకాలం కూడా నిలవలేదు. అందుకని మాకు మిగిలింది కీబోర్డు, ఒక తెర. ఆ ఒక్క తెరనే ఐదు గళ్లు చేసుకుంటాం, పైన మూడు, కింద రెండు, గేటుకొక గడి. ఏ గడిలో ఉండి "మూయి" అని కొడితే ఆ గేటు మూసుకుంటుంది. మనిషి లేచి ఇంటికి వెళ్ళినా గళ్లు నడుస్తూనే ఉంటాయి, తర్వాత వచ్చినవాళ్ళు అక్కడి నుంచి అందుకుంటారు.

పై ఆఫీసు ఇచ్చేది నల్ల తెర, తెల్ల అక్షరాలు. రోజంతా దాన్ని చూస్తూ కూర్చునేది వాళ్ళు కాదుగా. నేను వెనక వంకాయ రంగు వేశాను. అక్షరాలు లేత పసుపు. గళ్ల మధ్య గీతలు మామిడాకు పచ్చ. మనం ఉన్న గడి అంచు కనకాంబరం రంగులో వెలుగుతుంది. కింద పట్టీలో తిథి, పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, గాలి ఎటు. వేసవంతా పట్టింది ఇది కుదరడానికి. కట్ట మీద ఇంత అందమైన తెర ఇంకోటి లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, మిగతావి చూసే చెబుతున్నాను.

గళ్ల మధ్య తిరగాలంటే ముందు తలుపు కొట్టాలి. కంట్రోల్, బి మీటలు కలిపి నొక్కడాన్ని మా బల్ల మీద అలా అంటాం. తలుపు కొట్టాక నొక్కే అక్షరం గేటుకి పోదు, తెరకి పోతుంది. పక్క గడికి వెళ్ళు, ఈ గడి పెద్దది చెయ్యి, ఇప్పుడు కొట్టబోయే మాట అన్ని గేట్లకీ ఒకేసారి పంపు, ఇలాంటివన్నీ అలాగే చెప్పాలి. ఈ కంట్రోల్ మీట ఎడమ మూల ఉంది. కుడివైపు ఇంకోటి ఉండేది. ఉప్పు తినేసింది. కొత్త కీబోర్డు అడిగినప్పుడల్లా "పరిశీలనలో ఉంది" అంటారు.

బాబాయ్ కుడిచేతిని ఎడమ మూలకి తీసుకెళ్ళి, బొటనవేలు కంట్రోల్ మీద పెట్టి, చూపుడువేలు బి దాకా సాగదీశారు. మళ్ళీ చెయ్యి వెనక్కి తెచ్చి అక్షరం నొక్కారు. ఒక గేటు నుంచి పక్క గేటుకి వెళ్ళేసరికి నేనైతే ఐదు గేట్లూ మూసేసి టీ పెట్టుకునేదాన్ని. ఆయన నా ముఖం చూడలేదు. నేనూ ఆయన ముఖం చూడలేదు, కిటికీలోంచి సముద్రం చూశాను.

వచ్చే బహుళ దశమికి చేతి పరీక్ష. అధికారి పనులు చెబుతూ ఉంటే గంట మోగేలోపు చెయ్యాలి. తప్పితే కుర్చీ పోతుంది. కుర్చీతోపాటు కట్టలోపలి ఇల్లు పోతుంది, ఎందుకంటే లోపలి ఇళ్ళు బల్లలవాళ్ళవి. బాబాయ్, పిన్ని సామాను కట్టుకుని ఎగువ శిబిరానికి వెళ్ళాలి. పిన్ని మేడ మీద డబ్బాల్లో పెంచిన ఆనప పాదు ఇప్పుడిప్పుడే పిందె వేస్తోంది.

శుద్ధ చవితి

తాతాజీకి నేను చెప్పాను, అతను వెంటనే ఒప్పుకున్నాడు. తాతాజీ ఈ బల్ల మూడో మనిషి. కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి, మొత్తం రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొడతాడు. వాడి కొట్టుడు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను చెప్పింది ఇది. మీటల వరస మార్చేద్దాం. తలుపు సెమీకోలన్‌కి తెద్దాం. కుడిచేతి చిటికెనవేలి కిందే ఉంటుంది, గేట్లకి చెప్పే ఏ మాటలోనూ దాని అవసరం లేదు. ఐ నొక్కితే పైగడికి, కె నొక్కితే కిందికి, జె ఎడమకి, ఎల్ కుడికి. అన్ని గేట్లకీ ఒకేసారి చెప్పే మీట ఓ. అన్నీ కుడిచేతి కిందే. బాబాయ్ చెయ్యి అసలు కదలక్కర్లేదు.

"ఆయన ఒక్కడికీ పెట్టేస్తే పోలా అక్కా?" అన్నాడు తాతాజీ.

పోదు. ఒక బల్లకి ఒకటే వరస అని నిబంధన. పోటు ఎక్కినప్పుడు పక్క బల్లవాళ్ళు పరిగెత్తుకొచ్చి కూర్చున్నా పని నడవాలి. మనిషికో వరస ఉంటే అక్కడ తలుపు ఎక్కడుందో వెతుక్కునేలోపు ఊళ్ళోకి నీళ్ళొస్తాయి. వరస మార్చుకోవచ్చు, కానీ ముగ్గురికీ మారాలి. పరీక్ష ముగ్గురూ కొత్త వరసలోనే ఇవ్వాలి. ఒక్కరు తప్పినా బల్ల పాత వరసకి వెళ్ళిపోతుంది, అప్పుడు బాబాయ్ కూడా పాత వరసలోనే ఇవ్వాలి. అంటే తప్పుతారు.

బాబాయ్ ఒప్పుకోలేదు. "నా కోసం మీరిద్దరూ చేతులు మార్చుకోడం ఏటమ్మా, బాగోదు" అన్నారు.

"మీ కోసం కాదు బాబాయ్, మీరు పోతే ఆ కుర్చీలోకి ఎవరొస్తారో నాకు భయం" అన్నాను. అది కూడా నిజమే.

తాతాజీ సంగతే నాకు దిగులు. వాడు పాత వరసే సరిగ్గా నేర్చుకోలేదు. రోజూ దగ్గర కూర్చోబెట్టి నేర్పాలి.

శుద్ధ అష్టమి

ఇవాళ కొత్త వరస ఎక్కించాను. అష్టమి పోటు చిన్నది, తప్పులు చేసినా ప్రమాదం లేదని ఈ రోజు పెట్టుకున్నాం.

బాబాయ్ మొదటి పది నిమిషాలు తడబడ్డారు. తర్వాత ఆ చెయ్యి ఒకేచోట ఉండిపోయింది, వేళ్ళు మాత్రం నడిచాయి. మధ్యలో ఒకసారి నవ్వారు. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో. నేను లేచి టీ పెట్టడానికి వెళ్ళాను.

వెళ్ళి వచ్చేసరికి ఒక మాట అడిగారు. "అమ్మాయ్, ఓ మీట నొక్కి అందరికీ చెప్పే స్థితిలో ఉన్నప్పుడు కిందపట్టీ మొత్తం ఎర్రగా అయిపోయేలా పెట్టు. చూడగానే గుండె ఝల్లుమనాలి."

ఇప్పుడు నా తెరలో ఆ స్థితికి పట్టీ చివర చిన్న కనకాంబరం చుక్క వస్తుంది. ముచ్చటగా ఉంటుంది. వంకాయ రంగు మీద ఎర్రపట్టీ వేస్తే ఎలా ఉంటుందో ఆలోచించుకోమన్నాను.

"నీ తెర, నీ ఇష్టం" అన్నారాయన.

శుద్ధ ఏకాదశి

తాతాజీకి వచ్చేసింది.

ఎలా వచ్చిందంటే, వాడికి పాత వరస వేళ్ళలో లేదు. ప్రతి మీటా చూసి కొట్టేవాడు, ఇప్పుడూ చూసి కొడుతున్నాడు. వాడికి తేడా ఏముంది? సెమీకోలన్ మీద చిన్న పసుపుబొట్టు పెట్టుకున్నాడు. అంతే.

రానిది నాకు. ఇది రాయడానికి చిన్నతనంగా ఉంది, అయినా రాస్తున్నాను. పాత వరస నా బుర్రలో లేదు, చేతుల్లో ఉంది. తల కొత్తది తలుచుకునేలోపు ఎడమచెయ్యి వెళ్ళి కంట్రోల్, బి నొక్కేస్తోంది. నొక్కితే ఏమీ జరగదు, తలుపు అక్కడ లేదుగా. అది ఒక బాధ. ఇంకో బాధ ఏమిటంటే, తలుపు కొత్తది కొట్టి అక్షరం పాతది నొక్కడం. పాత వరసలో ఓ అంటే తర్వాతి గడికి వెళ్ళమని. అలా గళ్లన్నీ చుట్టి రావడం నాకు అలవాటు. కొత్త వరసలో ఓ అంటే అందరికీ.

"ఏటక్కా, నాకు నేర్పుతానని ఓ ఇదైపోయేవు" అన్నాడు తాతాజీ. "ఇప్పుడు నన్నే కూర్చోబెట్టుకో, నేర్పుతాను. గురుదక్షిణ పకోడీలు."

నవ్వాను గానీ లోపల మాడిపోయాను. పరీక్షలో తప్పేది వాడనుకున్నాను. నేను తప్పితే బాబాయ్ ఇల్లు పోతుంది.

పౌర్ణమి

మధ్యాహ్నం పెద్ద పోటు. పొద్దుట నుంచి వాన. ఊళ్ళో నీళ్ళు నిలిచాయి. సముద్రం వైపు నాలుగు గేట్లూ మూసే ఉంచాం. మూడోది ఏటి వైపు ఉంటుంది, అక్కడ పోటు ఆలస్యంగా ఎక్కుతుంది. కాబట్టి దాన్ని కాసేపు తెరిచి వాననీళ్ళు వదలొచ్చు. ఎప్పుడూ చేసే పనే.

నేను ప్రధాన కీబోర్డు దగ్గర ఉన్నాను. పక్క కీబోర్డు కూడా ఇదే తెరకి కలిపి ఉంటుంది, దాని కుడి కంట్రోల్ కూడా ఉప్పు తిన్నదే, బాబాయ్ దాని దగ్గర కూర్చుని చూస్తున్నారు. తాతాజీ కింద మోటారుకి గ్రీజు పెడుతున్నాడు.

రెండో గడిలో ఉన్నాను. పక్క గడికి వెళ్దామని సెమీకోలన్ కొట్టి, ఓ నొక్కాను. కనకాంబరం అంచు కదల్లేదు. మళ్ళీ తలుపు కొట్టి, ఈసారి సరిగ్గా ఎల్ నొక్కి మూడో గడికి వచ్చాను. పట్టీ చివర చుక్క వెలిగింది. వెలిగే ఉంటుంది. నేను చూడలేదు. "తెరువు" అని కొట్టాను.

ఐదు గళ్లలోనూ "తెరువు" పడింది. ఐదింటిలోనూ "తెరుస్తున్నాను" అని జవాబు వచ్చింది. కింద నుంచి మోటార్ల మోత మొదలయ్యింది, ఒకటి కాదు, అన్నీ.

ఆ తర్వాత నేను చేసింది ఇది. పాత తలుపు కొట్టాను. కంట్రోల్, బి. కంట్రోల్, బి. తెర పలకలేదు. కొడుతూనే ఉన్నాను. అక్కడ తలుపు లేదని తెలుసు. చేతులకి తెలీదు.

"సుభా! చెయ్యి తియ్!"

బాబాయ్ కేక. నేను చేతులు రెండూ పైకెత్తేశాను. ఆయన పక్క కీబోర్డు మీద కుడిచేత్తో "మూయి" అని కొట్టారు. తెర ఇంకా అందరికీ చెప్పే స్థితిలోనే ఉంది కాబట్టి ఆ ఒక్క మాటే ఐదింటికీ వెళ్ళింది. ఒక్కో గడికీ తిరిగి మూయాలని నేను చూశాను. ఆయన తిరగలేదు.

గేట్లు మూసుకోవడానికి టైం పడుతుంది. ఆలోపు ఐదో గేటు వెనక నారుమడుల్లోకి ఉప్పునీళ్ళు వెళ్ళాయి.

బహుళ పాడ్యమి

నారుమడులవాళ్ళు పొద్దున్నే వచ్చి కట్ట మీద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టారు. పడ్డాను. వాళ్ళ నారు ఎర్రబడిపోయింది, నన్ను తిట్టక ఎవర్ని తిడతారు?

"తీగలో లోపం అని రాసేద్దాం అక్కా" అన్నాడు తాతాజీ. "పాత తీగే గదా, ఎవుడు చూస్తాడు?"

"అలా రాస్తే వాళ్ళొచ్చి తీగ చూస్తార్రా. తీగ బానే ఉంటది" అన్నారు బాబాయ్. "నా పేరు రాసీ అమ్మాయ్. ఎలాగూ పోయేవాణ్ణే."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. "పోయేవాళ్ళెవరూ లేరిక్కడ" అన్నాను. గట్టిగానే అన్నాను.

జరిగింది జరిగినట్టు పై ఆఫీసుకి రాశాను. నేను కొత్త తలుపు కొట్టి పాత అక్షరం నొక్కాను. ఎర్రపట్టీ పెట్టమని వరహాలు గారు ముందే అడిగారు, రంగు బాగోదని నేను పెట్టలేదు. గేట్లు మూసింది వరహాలు గారు, ఒక చేత్తో.

సాయంత్రానికి జవాబు వచ్చింది. పరీక్ష దశమికే. అధికారి ఖుర్షీద్ బేగం గారు స్వయంగా వస్తారు. కొత్త వరస మీద వారికి సందేహాలున్నాయి.

ఎర్రపట్టీ పెట్టేశాను. వంకాయ రంగు మీద ఘోరంగా ఉంది. చూడగానే గుండె ఝల్లుమంటోంది.

బహుళ పంచమి

ఎడమచేతిని కట్టేశాను.

బాబాయ్ కాదు, తాతాజీ కాదు, నాకే తట్టింది. పాత వరస ఎడమచేతిలో ఉంది. అది లేస్తేనే కదా ఇబ్బంది. బల్ల దగ్గర చున్నీతో కుర్చీ పట్టెకి కట్టుకుంటున్నాను. ఇంట్లో కూడా కుడిచేత్తోనే అన్నీ. అన్నం వార్చడం, జడ వేసుకోవడం, తలుపు గడియ. ఒంటిచేత్తో జడ వెయ్యడం అయ్యే పని కాదు. ముడేసుకుని వచ్చాను. చొక్కా గుండీ ఒకటి పెట్టుకోవడానికి బాబాయ్‌కి ఎంతసేపు పడుతుందో నాకిప్పుడు తెలిసింది. ఆయన రోజూ ఇస్త్రీ చొక్కాతో, అన్ని గుండీలూ పెట్టుకుని, వేళకి వస్తున్నారు. ఇన్నాళ్ళూ నేను గమనించనే లేదు.

ఆయన నా కట్టు వంక చూశారు. "చున్నీ కొంచెం వదులు చేసుకో, నరాలు లాగేస్తాయ్" అన్నారు.

తర్వాత పక్క కీబోర్డు మీద ఏదో రాసుకుంటూ కూర్చున్నారు. వరసలో రెండు మార్పులు చేశానన్నారు. ఒకటి, ఓ నొక్కగానే పని జరగదు, "అందరికీనా?" అని తెర అడుగుతుంది, వై నొక్కితేనే జరుగుతుంది. రెండోది ఏమిటని అడిగితే, "కట్టు విప్పేక పాత తలుపు కొట్టి చూడు" అన్నారు.

విప్పి కొట్టాను. కంట్రోల్, బి. ఇంతకుముందు ఏ జవాబూ రాని చోట, కిందపట్టీలో పెద్ద అక్షరాలు వచ్చాయి.

"సుభా, తలుపు కుడిపక్కన. సెమీకోలన్. ఐ పైకి, కె కిందికి, జె ఎడమకి, ఎల్ కుడికి. ఓ జోలికి పోకు."

"ఆవేళ నువ్వు కొడతానే ఉన్నావమ్మా" అన్నారాయన. "లోపల్నించి ఎవళ్ళో ఒకళ్ళు పలకాలి గదా."

నేను ఏడ్చాను. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

బహుళ దశమి

ఖుర్షీద్ బేగం గారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. గొడుగు బయట పెట్టి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు కూడా వద్దన్నారు. తిప్పి పెడితే కాసేపటికి మోగే చిన్న గంట బల్ల మీద పెట్టుకున్నారు. పిన్ని మెట్ల కింద నిలబడింది. పైకి రమ్మంటే రానంది.

మొదట తాతాజీ. చూసి చూసి కొట్టాడు. గంట మోగడానికి కాస్త ముందు ముగించాడు. "మీ వేళ్ళకి తొందర లేదు" అన్నారు ఆవిడ. "తొందరపడ్డవాళ్ళ సంగతి చూసేమండి" అన్నాడు వీడు, నా వంక చూసి.

తర్వాత బాబాయ్. ఆవిడ అడిగినవన్నీ అడిగినట్టే చేశారు. ఆ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. గంట మోగేసరికి ఆయన పని అయిపోయి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు.

తర్వాత నేను. చున్నీ కట్టుకోవడానికి నామోషీ అనిపించింది, ఎడమచేతి మీద కూర్చున్నాను.

"చేతికేమైంది?" అన్నారావిడ.

"ఏమీ కాలేదండీ. ఈ బల్ల మీద దానికి పని లేదు."

ఆవిడ పనులు చెప్పడం మొదలుపెట్టారు. రెండో గేటు సగం. నాలుగో గేటు మట్టం చదువు. అందరికీ మూయి. తెర "అందరికీనా?" అని అడిగింది, వై నొక్కాను, పట్టీ ఎర్రబడింది. "మూయి" కొట్టి, ఆ స్థితి తీసేసి ఒకటో గడికి వచ్చాను. కింద ఎడమచెయ్యి రెండుసార్లు కదిలింది. నొక్కిపెట్టాను. గంట మోగింది. నా పని అప్పటికే అయిపోయింది.

అయిపోయిందనుకున్నాం ముగ్గురం. తాతాజీ అయితే టీ పెట్టడానికి లేచాడు.

"కూర్చోండి" అన్నారు ఆవిడ. "ఒక బల్లకి ఒకటే వరస అని నిబంధన ఎందుకు పెట్టారో తెలుసు కదా? పరిగెత్తుకొచ్చినవాళ్ళు కూర్చున్నా నడవాలి. మీ ముగ్గురికీ వచ్చు, సరే. రానివాళ్ళ మాటేమిటి? నాకీ వరస చేతికి అలవాటు లేదు. మీరెవరూ మాట్లాడకండి."

ఆవిడే కుర్చీలో కూర్చున్నారు. గంట మళ్ళీ తిప్పారు.  దీని గురించి మేమెవరం ఆలోచించలేదు. అందరిలాగే ఆవిడ ఎడమచెయ్యి మూలకి వెళ్ళింది. కంట్రోల్, బి.

"సుభా, తలుపు కుడిపక్కన" అంది తెర.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివారు. సెమీకోలన్ నొక్కారు. ఎల్. మళ్ళీ సెమీకోలన్, ఎల్. ఇంకోసారి సెమీకోలన్, కె. ఐదో గేటు గడిలోకి వెళ్ళి "మూయి" అని కొట్టారు. మూసే ఉందని జవాబు వచ్చింది. గంట ఇంకా మోగలేదు. ఓ జోలికి పోలేదు.

"సుభా అంటే మీరేనా?" అన్నారు నా వైపు తిరిగి.

"నేనేనండీ."

"అనుకున్నాను. మీ 'ఇతర విశేషాలు' రోజూ చదువుతాను." తర్వాత తాతాజీ వైపు చూశారు. "పకోడీల తాతాజీ గారు మీరే కదా."

తాతాజీ ముఖం చూడాల్సింది. రెండు చేతులూ వెనక దాచుకున్నాడు.

ఆవిడ వరస ఖాయం చేస్తూ సంతకం పెట్టారు. బాబాయ్ కుర్చీ ఆయనదే. ఇల్లు ఆయనదే. బాబాయ్ మెట్ల దాకా వెళ్ళి కిందకి చూసి, "కుమారీ, పాదుకి నీళ్ళోసేవా?" అన్నారు. అంతే అన్నారు. పిన్ని అక్కడే మెట్టు మీద కూలబడి కొంగు ముఖానికి పెట్టుకుంది.

అమావాస్య

ఖుర్షీద్ బేగం గారూ, నమస్కారం. కుడివైపు కంట్రోల్ మీట ఇంకా రాలేదు. ఇప్పుడు మాకు దాని అవసరం లేదు గానీ, చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

పరీక్ష అయిన వరసలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు కాబట్టి నా పేరు అందులో అలాగే ఉండిపోయింది. మొన్న పక్క బల్ల నుంచి పెద్ద మీసాలాయన ఒకరు సాయానికి వచ్చి, పాత తలుపు కొట్టి, "సుభా ఎవరండీ, నన్ను ఎవరో సుభా అంటున్నారు" అని కంగారుపడ్డారు. తాతాజీ ఖాళీగా ఉన్నప్పుడల్లా కావాలని కొట్టి, పైకి చదువుతున్నాడు. పిన్ని మొదటి ఆనపకాయ నాకు పంపింది.

ఇవాళ పెద్ద పోటు. బాబాయ్‌కి సెలవు, నేను ఒక్కదాన్నే ఉన్నాను. గాలి హఠాత్తుగా తిరిగింది, ఒకటో గేటు దగ్గర నీళ్ళు గబగబా ఎక్కాయి. కంగారులో నా ఎడమచెయ్యి లేచింది. అన్నీ మర్చిపోయి కంట్రోల్, బి కొట్టాను.

తెర పలికింది.

చెయ్యి కుడిపక్కకి తెచ్చుకుని, గేటు మూసేశాను.